తేలని కర్ర

కెనడా కలప చరిత్ర చెప్పమంటే ఎవరైనా పైన్ కథే చెబుతారు. మసాచుసెట్స్ నుంచి 1800లో ఒట్టావా నది ఒడ్డుకు వలస వచ్చిన ఫిలెమోన్ రైట్, 1806లో చదరంగా చెక్కిన దూలాలను తెప్పగా కట్టి క్యూబెక్ రేవు దాకా నడిపించాడు. ఆ తరవాత నెపోలియన్ పెట్టిన వాణిజ్య దిగ్బంధంతో బ్రిటన్‌కు బాల్టిక్ దేశాల కలప అందడం కష్టమైంది. ఓడల తెరచాప స్తంభాలకూ దూలాలకూ బ్రిటన్ కెనడా వైపు చూసింది. అప్పటినుంచి నూరేళ్ళపాటు తెల్ల పైన్ తెప్పలు ఒట్టావా, సెయింట్ లారెన్స్ నదుల మీద సాగాయి. 1908లో కలప వ్యాపారి జె.ఆర్. బూత్ పంపిన తెప్పతో ఒట్టావా నది మీద చదరపు దూలాల ప్రయాణం ముగిసింది. ఈ కథలో నీళ్ళున్నాయి, జలపాతాలున్నాయి, తెప్ప మీదే వండుకు తిని పడుకున్న మనుషులున్నారు. చెప్పడానికి బాగుంటుంది, చెప్పుకున్నారు కూడా.

ఆ నూరేళ్ళూ అదే నేల మీద పైన్ పక్కనే హార్డ్ మేపుల్ ఉంది. ఈ దేశం జెండా మీద ఉన్న ఆకు ఆ కుటుంబానిదే. కానీ తెప్పల కథలో దానికి చోటు లేదు. కారణం, అది తేలదు.

నేను దక్షిణ ఒంటారియోలో గట్టి చెక్కలు అమ్మే యార్డులో పలకలకు తరగతులు వేస్తాను. సాయంత్రాలు ఇంటి గ్యారేజీలో వడ్రంగం చేస్తాను. తాత వడ్రంగి. నాన్న రాజమండ్రిలో గోదావరి గట్టున కలప అడితిలో గుమాస్తా. భద్రాచలం మన్యం నుంచి పాపికొండల మధ్యగా వెదురు, టేకు తెప్పలు దిగే రోజుల కబుర్లు నాన్న నోట వింటూ పెరిగాను. అందుకే ఇక్కడి తెప్పల కథ చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. తెప్ప ఎక్కని చెట్టు సంగతే కొత్తగా అనిపించింది. దాన్ని రోజూ చేతుల్తో ఎత్తి పెట్టేవాణ్ణి కనుక ఆ సంగతి వెతకడం మొదలుపెట్టాను.

తేలదు అన్న మాటను కాస్త విడమరచాలి. పచ్చి హార్డ్ మేపుల్ ఘనపుటడుగు బరువు సుమారు 25 కిలోలు. అంతే నీటి బరువు 28 కిలోలు. పచ్చి తెల్ల పైన్ 16 కిలోలు మాత్రమే. అంటే మేపుల్ దుంగను నదిలోకి దొర్లిస్తే వెంటనే మునగదు. నీటి మట్టానికి వీపు ఆనించి కొంత దూరం వెళ్తుంది, ఈలోగా నీళ్ళు తాగి అడుగు పడుతుంది. ఓక్‌ది కూడా ఇదే బాధ. కానీ ఓక్‌కు ఓడలు కట్టేవాళ్ళు మంచి ధర ఇచ్చేవాళ్ళు కాబట్టి దానికోసం తంటాలు పడ్డారు. కింగ్‌స్టన్ ఎదురుగా ఉన్న గార్డెన్ ఐలండ్‌లో డెలినో డెక్స్టర్ కాల్విన్ 1836లో మొదలుపెట్టిన సంస్థ, ఓక్ దూలాల మధ్య పైన్ దూలాలు కలిపి కట్టి, వాటి ఊతంతో ఓక్‌ను క్యూబెక్ చేర్చేది. మేపుల్ కోసం అంత శ్రమ ఎవరూ పడలేదు. వానకు, తేమకు తట్టుకోలేని చెక్క అది, ఓడకు పనికిరాదు.

టేకు కూడా పచ్చిగా ఉన్నప్పుడు మునుగుతుంది. బర్మాలో దానికి ఒక ఉపాయం ఉండేది. చెట్టు మొదట్లో చుట్టూతా బెరడూ పైచెక్కా తెగేలా గాటు పెట్టి వదిలేస్తారు. చెట్టు నిలబడే చచ్చి, రెండు మూడేళ్ళు నిలబడే ఎండి తేలిక పడుతుంది. అప్పుడు కొట్టి ఏట్లో వేస్తారు. మన కోస్తా జిల్లాల నుంచి రంగూన్ వెళ్ళి రంపపుమిల్లుల్లో పనిచేసినవాళ్ళ చేతుల మీదుగా పోయింది అలా ఎండిన కర్రే. ఒంటారియోలో అడవి నరుక్కున్న వలసరైతులకూ ఆ గాటు పెట్టడం తెలుసు, మేపుల్‌కూ పెట్టారు. అయితే వాళ్ళ ఉద్దేశం చెట్టును చంపి ఎండ నేల మీద పడేలా చెయ్యడం. టేకు చేవలో నూనె ఉంది, చెదలూ బూజూ దగ్గరికి రావు. మేపుల్‌కు ఆ రక్షణ లేదు. నిలబెట్టి మూడేళ్ళు వదిలితే మరకలు పట్టి, పుచ్చి, గుల్లవుతుంది. ఎండబెట్టి తేలిక చేసే దారి కూడా మూసుకుపోయిందన్నమాట.

మరి కోట్ల చెట్లను ఏం చేశారు? కాల్చారు. ఈ మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే మేపుల్ అసలు చరిత్ర ఈ బూడిదలోనే ఉంది.

దక్షిణ ఒంటారియోలో, క్యూబెక్‌లో మేపుల్, బీచ్, ఎల్మ్ ఎక్కడ దట్టంగా పెరిగితే అక్కడ నేల సారవంతమని వలసరైతులకు గుర్తు. పైన్ ఉన్నచోట ఇసుక. కాబట్టి మంచి పొలం కావాలంటే ముందు మేపుల్ అడవి పోవాలి. చలికాలంలో చెట్లు పడగొట్టి, కొమ్మలు నరికి, దుంగల్ని ముక్కలు చేసేవారు. వేసవిలో చుట్టుపక్కల వాళ్ళంతా ఎడ్లతో బదులుపనికి వచ్చి దుంగల్ని కుప్పలు వేసేవారు. కుప్పలకు నిప్పు పెడితే రోజుల తరబడి కాలేవి. కాలాక రైతు పరుగెత్తాల్సిన పని ఒకటుండేది. వాన పడకముందే బూడిదను ఎత్తి పొడిగా దాచాలి. వాన తగిలితే అందులోని క్షారం నేలలోకి జారిపోతుంది, ఇక దానికి విలువ లేదు.

అడుగున చిల్లి ఉన్న పీపాలో గడ్డి పరిచి, పైన బూడిద నింపి నీళ్ళు పోసేవారు. చుక్కలు చుక్కలుగా గోధుమ రంగు క్షారజలం దిగేది. దాన్ని పెద్ద ఇనుప కాగుల్లో మరిగిస్తే నల్లని ఉప్పు మిగిలేది. చాలామంది రైతులు ఆ నల్ల ఉప్పునే ఊళ్ళోని బూడిద బట్టీకి అమ్మేసేవారు. బట్టీలో దాన్ని ఎర్రగా కాగేదాకా కరిగించి చల్లారిస్తే గట్టి పొటాష్. ఇంకోసారి కొలిమిలో వేయిస్తే తెల్లని పెర్ల్ యాష్. పీపాలకెత్తి మాంట్రియల్ పంపితే, అక్కడ ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు విప్పి చూసి మొదటి, రెండో, మూడో తరగతి అని ముద్ర వేసేవారు. అక్కడినుంచి ఓడల్లో ఇంగ్లండుకు. సబ్బు, గాజు, ఉన్ని కడగడం, నార బట్టలు తెలుపు చేయడం, అన్నింటికీ అది కావాలి. పారిశ్రామిక విప్లవం నేసిన బట్టల వెనక ఈ అడవుల బూడిద ఉంది.

ఇలాంటి క్షారం మనకూ కొత్తకాదు. చీరాలలో తేలియా రుమాళ్ళు నేసేవాళ్ళు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో మార్చి మార్చి నానబెట్టేవారు. ఎర్ర రంగు నూలుకు పట్టి ఊడకుండా ఉండేది అందువల్లే. ఆ రుమాళ్ళు అరబ్బు దేశాలకూ ఆఫ్రికా తీరానికీ వెళ్ళాయి. కాకపోతే అక్కడ కాల్చింది కాయల తొక్కలు, ఇక్కడ కాల్చింది రెండు మూడు వందల ఏళ్ళ చెట్లు.

పైన్ బూడిదలో పొటాష్ బాగా తక్కువ. మేపుల్, ఎల్మ్ బూడిదలో ఎక్కువ. కాబట్టి నదిలో పోయే చెట్టు ఏదో, నిప్పులో పోయే చెట్టు ఏదో ముందే నిర్ణయమైపోయింది. చేతికి మొదటి గోధుమ పంట రాకముందే రైతుకు నగదు తెచ్చిపెట్టింది ఆ బూడిదే. ఈ వ్యాపారం ఎంత ముఖ్యమో ఒక సంగతి చెబుతాను. అమెరికాలో 1790 జూలై 31న ఇచ్చిన మొట్టమొదటి పేటెంట్ శామ్యూల్ హాప్కిన్స్ అనే ఆయనకు, పొటాష్, పెర్ల్ యాష్ తయారీ పద్ధతి కోసం. 1791లో క్యూబెక్‌లో గవర్నర్ ఇచ్చిన తొలి పేటెంట్ కూడా అదే హాప్కిన్స్‌కూ, ఆంగస్ మెక్‌డానెల్ అనే స్కాటిష్ సైనికుడికీ, కర్ర బూడిద నుంచి పొటాష్, సబ్బు తీసే పద్ధతుల కోసమే. రెండు దేశాలూ మేధస్సుకు కట్టిన మొదటి విలువ బూడిదకే.

1861లో జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్ దగ్గర గనుల పొటాష్ తీయడం మొదలయ్యాక, సోడా కూడా ఫ్యాక్టరీల్లో చవకగా తయారవుతుండటంతో, బూడిద బట్టీలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అప్పటికే దక్షిణ ఒంటారియో అడవి చాలావరకు పొలంగా మారింది. కెనడా మాత్రం పొటాష్‌ను వదల్లేదు. ఈసారి భూమి కింద దొరికింది. సస్కాచెవాన్‌లోని ఎస్టర్‌హేజీ దగ్గర 1962లో గని ఉత్పత్తి మొదలైంది. భారతదేశం ఎరువుల కోసం ఏటా కొనే పొటాష్‌లో కొంత ఇప్పటికీ ఆ రాష్ట్రం నుంచే వస్తుంది. గోదావరి డెల్టా వరిచేలల్లో చల్లే ఎర్ర పొటాష్ గింజల్ని చూసినప్పుడల్లా నాకు ఈ బూడిద పీపాలు గుర్తుకొస్తాయి.

నిప్పు నుంచి తప్పించుకున్న మేపుల్‌లు కూడా ఉన్నాయి. వాటిని కాపాడింది చక్కెర. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో చెట్టుకు చిల్లి పెడితే రసం కారుతుంది. సుమారు 40 లీటర్ల రసం కాస్తే ఒక లీటరు పాకం. ఈ విద్య అనిషినాబె, హొడెనొషోనీ వంటి ఇక్కడి ఆదివాసులది. తెల్లవాళ్ళు వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. చాలామంది రైతులు పొలం చివర కొంత మేపుల్ తోపును రసం కోసం ఉంచుకున్నారు. ఆ తోపుల ఆనవాలు మా యార్డులోకి ఇప్పటికీ వస్తుంది. తెల్లని పలక మధ్యలో పెన్ను పట్టేంత గుండ్రని రంధ్రం, దాని పైకీ కిందికీ జానెడు బారున గోధుమ రంగు చార. ఎవరో ఎప్పుడో ఏడు పదహారో వంతు అంగుళం బరమాతో రసానికి పెట్టిన చిల్లి అది. చెట్టు ఆ గాయం మీద కొత్త చెక్క కప్పుకుని పెరిగింది. పైనున్న వలయాలు లెక్కపెడితే చిల్లి పెట్టి ఎన్నేళ్ళయిందో తెలిసిపోతుంది. తరగతి నియమాల ప్రకారం ఆ చార లోపం, పలక ధర తగ్గుతుంది. అలాంటి పలక కనబడితే నేను పక్కకు తీసి పెడతాను. నా గ్యారేజీలో ఒక మూల అవే ఉంటాయి.

మేపుల్‌ను చెక్కగా బయటికి తెచ్చింది రైలు. మాంట్రియల్, టొరంటోలను కలుపుతూ గ్రాండ్ ట్రంక్ రైలు 1856లో నడిచింది. 1890ల్లో ఆ పైన్ దొర బూత్‌గారే అల్గాన్‌క్విన్ గుట్టల మీదుగా జార్జియన్ బే దాకా రైలు మార్గం వేయించాడు. నదికి అక్కర్లేని దుంగను రైలుపెట్టె మోసింది. అప్పటినుంచే గట్టి చెక్కకు మార్కెట్ తెరుచుకుంది. చికాగోలో 1898లో ఏర్పడిన నేషనల్ హార్డ్‌వుడ్ లంబర్ అసోసియేషన్ తరగతి నియమాలు రాసింది. ఇప్పుడు నేను చేతిలో కొలబద్ద పట్టుకుని పలక తిప్పి చూసి వేసే తరగతులు వాటి వారసత్వమే. అన్నిటికంటే పై తరగతికి, పలకలో ఆరు వంతుల్లో అయిదు వంతులు మచ్చలేని చెక్క రావాలి. మిల్లుల నేల, బౌలింగ్ బాట, వ్యాయామశాల, మాంసం కొట్టే మొద్దు, పియానో లోపలి యంత్రాంగం, అప్పడాల కర్ర, అన్నీ మేపుల్‌తో రావడం మొదలైంది. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఒట్టావా లోయలోని ఆల్మాంట్ దగ్గర పుట్టినవాడు. నేడు ఎన్‌బీఏ జట్లు ఆడే కోర్టుల్లో బోస్టన్‌వాళ్ళది ఓక్. మిగతా దాదాపు అన్నీ మేపులే.

ఇక పలకను గుర్తుపట్టడం. మా యార్డుకు కొత్తగా వచ్చినవాళ్ళకు నేను ముందు నేర్పేది ఇదే. మేపుల్ అని అమ్మే చెక్క రెండు రకాలు. షుగర్ మేపుల్, బ్లాక్ మేపుల్ కలిపి హార్డ్ మేపుల్. రెడ్ మేపుల్, సిల్వర్ మేపుల్ కలిపి సాఫ్ట్ మేపుల్. చూపుకు కవలల్లా ఉంటాయి. ధరలో, గట్టితనంలో చాలా తేడా. అర్ధ అంగుళానికి కాస్త తక్కువ వ్యాసం ఉన్న ఉక్కు గుండును సగం దాకా చెక్కలో దిగేయడానికి ఎంత బలం కావాలో చూసే జాంకా పరీక్షలో హార్డ్ మేపుల్‌కు 1450 పౌండ్లు కావాలి. రెడ్ మేపుల్‌కు 950, సిల్వర్ మేపుల్‌కు 700. మన టేకుకు 1100కు అటూ ఇటూ.

బొటనవేలి గోరు ఒక అంచనా ఇస్తుంది, సాక్ష్యం ఇవ్వదు. సాక్ష్యం కావాలంటే పలక చివర అడ్డకోత మీద పదునైన బ్లేడుతో పల్చగా ఒక్క గీత తీసి, పదింతలు చూపే భూతద్దం పెట్టాలి. గుండుసూది మొనతో పొడిచినంత రంధ్రాలు వలయమంతా సమంగా చెదిరి కనిపిస్తాయి. ఓక్‌లో అయితే ఏడాది మొదట్లో పెద్ద రంధ్రాల వరస ఉంటుంది, ఇక్కడ ఉండదు. బెరడు నుంచి మధ్యకు సాగే సన్నని కిరణరేఖల్ని చూడాలి. హార్డ్ మేపుల్‌లో అవి రెండు మందాల్లో ఉంటాయి. వెడల్పు రేఖ పెద్ద రంధ్రం అంత వెడల్పు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వాటి మధ్య వెంట్రుకలాంటి సన్న రేఖలు. సాఫ్ట్ మేపుల్‌లో రేఖలు సన్నగా, ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. పసుపు బిర్చ్‌తో కూడా పొరబడతారు. బిర్చ్ రంధ్రాలు పెద్దవి, నున్నగా తీసిన పలక మీద సన్నని గీరల్లా కనిపిస్తాయి, రేఖలు రంధ్రాల కంటే సన్నం.

భూతద్దానికీ తేలకపోతే అన్నభేది ఉంది. మన రైతులు మొక్కల ఇనుము లోపానికి వాడే అన్నభేదే. నీళ్ళలో కలిపి చుక్క వేస్తే రెడ్ మేపుల్ చెక్క ముదురు నీలి నలుపుకు తిరుగుతుంది. షుగర్ మేపుల్ పచ్చటి ఛాయకు తిరుగుతుంది. పలక చివర వేస్తే చాలు, తరవాత ఆ చివర కోసేయొచ్చు.

ఇక్కడ పనిచేయడం మొదలుపెట్టాక నాకు ఎక్కువకాలం మింగుడుపడని విషయం చేవ. నాన్న అడితిలో దుంగ చూడగానే మొదటి ప్రశ్న "చేవ ఎంతుంది?" అనే. పైచెక్కను వడ్రంగి చిత్రికతో తీసి పొయ్యిలోకి పంపుతాడు. టేకైనా, వేగిసైనా, ఎర్రచందనమైనా విలువంతా లోపలి ముదురు చెక్కదే. మేపుల్‌లో లెక్క తిరగబడింది. ఇక్కడ కొనేది బెరడు కిందనున్న తెల్లని లేత చెక్క. మధ్యలో గోధుమ రంగు చేవకు చవక ధర. తెలుపు మీద అంత మోజు కాబట్టే కొట్టే కాలం కూడా దాని చుట్టూ తిరుగుతుంది. దుంగల్ని చలికాలంలోనే కొట్టి, ఎండ ముదరకముందే కోసేయాలి. వెచ్చని రోజుల్లో దుంగ నాలుగు వారాలు పడి ఉంటే తెలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. కోసిన పలకల మధ్య పెట్టే బద్దలు పొడిగా లేకపోతే, బద్ద ఆనిన మేర అడ్డంగా నల్లని చారలు పడతాయి. చిత్రిక పట్టినా పోవు, లోపలికి దిగి ఉంటాయి.

పని పట్టినప్పుడు మేపుల్ కఠినమైన చెక్కే. రంపం ఆగిన చోట నల్లగా మాడుతుంది. రౌటర్ బిట్ ఒక్క క్షణం నిలిచినా మాడు మచ్చ. పనిముట్టు పదునుగా ఉండాలి, చెయ్యి ఆగకుండా సాగాలి. అలలు తిరిగిన చెక్కలో వాటం జానెడుకోసారి మారుతుంది, ఎదురువాటంలో చిత్రిక పడితే పెచ్చులు లేచిపోతాయి. ఉలిని మళ్ళీ మళ్ళీ నూరుకోవడమే మందు. రంగు పూస్తే మచ్చలు మచ్చలుగా తాగుతుంది కాబట్టి నేను రంగు వేయను. పల్చని షెల్లాక్ పూసి వదిలేస్తాను.

బ్రాంప్టన్, మిస్సిసాగాల్లోని తెలుగు ఇళ్ళవాళ్ళు నా దగ్గర చేయించుకునేది ఎక్కువగా దేవుడి మందిరాలు. మొన్న ఒక పెద్దావిడ వచ్చి పలక తడిమి చూసి అన్నారు.

"ఇదేంటి బాబూ, ఇంత తెల్లగా ఉంది? రబ్బరు చెక్కా? టేకు దొరకదా ఇక్కడ?"

"దొరుకుతుందండీ, చాలా ఖరీదు. ఇది ఈ ఊరి చెట్టమ్మా, టేకు కంటే గట్టిది."

"గట్టిదైతే మరి బీటలివ్వదు కదా?"

ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి టేకు వలయాల వెంట నూటికి 5 పాళ్ళు పైచిలుకు ముడుచుకుంటే, హార్డ్ మేపుల్ దాదాపు 10 పాళ్ళు ముడుచుకుంటుంది. బట్టీలో 6 నుంచి 8 శాతం తేమకు దించి అమ్మినా, ఇంట్లో చలికాలం హీటర్ ఎండబెడుతుంది, జూలై ఉక్క మళ్ళీ ఉబ్బిస్తుంది. అందుకే తలుపు పలకను చట్రం గాడిలో జిగురు పెట్టకుండా వదులుగా దింపాలి, ఇరుపక్కలా కదలడానికి చోటుంచాలి. చట్రానికి మాత్రం కుసి, తొలి బిగువుగా కూర్చి జిగురు పెడతాను. తాత టేకు తలుపులకు చేసిన పద్ధతే ఇది. మేపుల్‌కు ఆ చోటు ఇంకొంచెం ఎక్కువ ఇస్తాను.

చెక్కను కాల్చేస్తున్న కాలంలోనే ఆకుకు గౌరవం దక్కింది. 1834లో మాంట్రియల్‌లో మొదలైన సెయింట్ జాన్ బాప్టిస్ట్ సంఘం మేపుల్ ఆకును గుర్తుగా తీసుకుంది. 1867లో టొరంటో బడిపంతులు అలెగ్జాండర్ మ్యూర్ దాని మీద పాట కట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల టోపీల మీదికెక్కింది. 1965 ఫిబ్రవరి 15న జెండా మీద నిలిచింది. 1996లో మేపుల్ జాతీయ వృక్షమైంది. ఇంత ప్రేమించిన ఆకును కూడా దేశం సరిగ్గా చూడలేదని నాకు బాధ. 1937 నుంచి 2012 దాకా ముద్రించిన ఒక సెంటు నాణెం మీద రెండు ఆకులు రెమ్మకు ఒకటి కిందుగా ఒకటి పైగా ఉంటాయి. మేపుల్ ఆకులు ఎప్పుడూ ఎదురెదురుగా జతగా పుడతాయి. చలికాలం ఆకులన్నీ రాలినా చెట్టును గుర్తుపట్టేది ఆ ఎదురెదురు కొమ్మలతోనే. పాలిమర్ నోట్లు వచ్చాక వాటి మీది ఆకు ఐరోపా నుంచి తెచ్చి నాటిన నార్వే మేపుల్‌ది అని ఒక వృక్షశాస్త్రవేత్త అన్నాడు. బ్యాంక్ ఆఫ్ కెనడా అది ఏ ఒక్క జాతిదీ కాదంది.

చెక్కకు ఆ స్థాయి పేరు చాలా ఆలస్యంగా, బేస్‌బాల్ వల్ల వచ్చింది. బ్యాట్లకు అప్పటిదాకా ఎక్కువగా యాష్ చెక్క వాడేవారు. ఒట్టావాలోని నేషనల్ ఆర్ట్స్ సెంటర్‌లో రంగస్థల వడ్రంగిగా పనిచేసిన శామ్ హోల్మన్ 1990ల మధ్యలో హార్డ్ మేపుల్‌తో బ్యాట్ తరిణె పట్టాడు. 1997లో టొరంటో ఆటగాడు జో కార్టర్ దాన్ని పట్టుకున్నాడు. 2001లో బ్యారీ బాండ్స్ ఒక్క సీజన్‌లో 73 హోమ్ రన్‌లు కొట్టింది మేపుల్ బ్యాట్‌తోనే. ఆ తరవాత చాలామంది మేపుల్‌కు మళ్ళారు, దాంతో ఇంకో సమస్య బయటపడింది. యాష్ పొరలుగా పగులుతుంది. మేపుల్ బ్యాట్ ముక్కలై ఎగిరి ఆటగాళ్ళ మీద, ప్రేక్షకుల మీద పడేది. 2008లో అమెరికా ప్రభుత్వపు మాడిసన్ కలప ప్రయోగశాల నిపుణులు విరిగిన బ్యాట్లు రెండు వేలకు పైగా పరిశీలించి, ముఖ్య కారణం వాటం వాలు అని తేల్చారు. చెక్క నార బ్యాట్ పొడవుకు సమాంతరంగా లేక పక్కకు వాలితే ఆ వాలు వెంటే విరుగుతుంది. యాష్‌లో రంధ్రాల గీరలు కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటం దొరుకుతుంది. మేపుల్‌లో వలయాల గీతలు కంటిని మోసం చేస్తాయి. అందుకని పిడి మీద ఒక్క సిరాచుక్క వేయాలని నియమం పెట్టారు. సిరా నార వెంట సన్నగా పాకుతుంది. ఆ గీత బ్యాట్ పొడవుకు మూడు డిగ్రీలకు మించి వాలితే బ్యాట్ పనికిరాదు. నేను కుర్చీ కాళ్ళకు పలక ఎంచేటప్పుడు ఇదే చేస్తాను. ఫౌంటెన్ పెన్నుతో ఒక చుక్క, కాసేపు ఆగి చూస్తే చాలు.

ఇప్పుడు దుంగలు వచ్చేది హాలిబర్టన్, ముస్కోకా, అల్గాన్‌క్విన్ పడమటి గుట్టల నుంచి. అక్కడ అడవిని మొత్తంగా కొట్టరు. మేపుల్ మొలక పెద్ద చెట్ల నీడలో పదుల ఏళ్ళు చిన్నగానే ఓపిక పట్టి, వెలుగు దొరికాక ఎదుగుతుంది. ఆ గుణం మీదే ఇప్పటి కోత ఆధారపడి ఉంది. శిక్షణ పొందినవాళ్ళు అడవి నడిచి, కొట్టాల్సిన చెట్లకు రంగు పూస్తారు. ఒక విడతలో మూడో వంతుకు మించకుండా తీసి, మళ్ళీ ఇరవై ఏళ్ళకు గాని అటు వెళ్ళరు. ముందు తీసేది పుచ్చిన, వంకర పోయిన చెట్లను. మంచివాటిని విత్తనానికీ ఎదుగుదలకూ ఉంచుతారు. దానివల్ల యార్డులో గోధుమ చేవ ఎక్కువున్న పలకలే ఎక్కువ కనిపిస్తాయి, కొనేవాళ్ళు మాత్రం తెల్లవే కావాలంటారు. గట్టితనంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో నీడపట్టున ఉండే మందిరానికి రంగు ఒక్కటే తేడా. కొనడానికి వచ్చేవాళ్ళకు రెండు రకాలూ పక్కపక్కన పెట్టి, ధర చెప్పి, అడవిలో ఏది మిగులుతోందో కూడా చెబుతాను. ఆ పెద్దావిడ రెండూ చూసి, తలుపులకు తెల్లవి, పీఠానికి గోధుమ చారలవి ఎంచుకున్నారు. పీఠం పలకలు వచ్చే వారం కోస్తాను.